అరిస్టోఫనీస్ స్కోలియా: చాలా ఏళ్లు వాడాక

అరిస్టోఫనీస్ హాస్య నాటకాలు మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కారణం దాదాపు అందరిదీ ఒకటే. పేజీ తిప్పితే చాలు, ఎవరివో పేర్లు. క్లియోనిమస్ అనేవాడు డాలు పారేసి యుద్ధం నుంచి పారిపోయాడంటారు, కినీసియస్ అనే పాటల కవి మరీ బక్కగా ఉన్నాడంటారు. జనం నవ్వి ఉంటారని మనకు తెలుస్తూనే ఉంటుంది, ఎందుకు నవ్వారో మాత్రం అందదు. క్రీ.పూ. 425 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఇవి ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేని సంగతులు. రెండొందల ఏళ్లు తిరిగేసరికి గ్రీకులకే చెప్పాల్సి వచ్చింది. అలా మొదలైన వివరణలు చేతులు మారుతూ, కుదించుకుపోతూ, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ మన దాకా వచ్చాయి. వాటినే స్కోలియా అంటారు. చాలా ఏళ్లుగా ఈ నాటకాలు చదివినప్పుడల్లా నేను వీటిని పక్కన పెట్టుకునే చదువుతున్నాను. ఇవి ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ దారి తప్పిస్తాయి, కొత్తగా చదివేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది రాద్దామని కూర్చున్నాను.

ముందు ఇవి ఎలా ఉంటాయో చెప్పాలి. పాత చేతిరాత ప్రతుల్లో నాటకం పేజీ మధ్యలో ఉంటుంది. చుట్టూ ఉన్న ఖాళీలో, వరసల మధ్యలో కూడా, చిన్న అక్షరాలతో వ్యాఖ్యలు ఉంటాయి. రెండు ప్రతులు ముఖ్యమైనవి. ఇటలీలోని రావెన్నాలో ఉన్నది 10వ శతాబ్దానిది. మనకు మిగిలిన 11 నాటకాలూ ఒకేచోట ఉన్న పాత ప్రతి అదొక్కటే. వెనిస్‌లో ఉన్నది దాని తర్వాతి కాలానిది, అందులో 7 నాటకాలే ఉన్నాయి గానీ వ్యాఖ్యలు మాత్రం రావెన్నా ప్రతిలో కంటే నిండుగా ఉంటాయి. కాళిదాసును మల్లినాథ సూరి వ్యాఖ్యతో చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కాకపోతే మల్లినాథుడిది మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి గొంతు. ఇక్కడ ఒక్క వాక్యం మీదే ముగ్గురు నలుగురు మాట్లాడుతుంటారు. వాళ్ల మధ్య వందల ఏళ్ల దూరం ఉండొచ్చు. ఒకరి మాట ఎక్కడ ఆగి ఇంకొకరి మాట ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికే కొన్నాళ్లు పడుతుంది.

ఈ చర్చకు పునాది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పడింది. టాలెమీ రాజుల గ్రంథాలయంలో హాస్య నాటకాలను సరిచేసే పని లైకోఫ్రాన్‌కు అప్పగించారు. ఆయన తర్వాత ఎరటోస్తనీస్ పాత హాస్య నాటకం మీద పెద్ద గ్రంథమే రాశాడు. భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన ఎరటోస్తనీస్ ఈయనే. బైజాంటియంకు చెందిన అరిస్టోఫనీస్ అనే పండితుడు (కవికీ ఈయనకూ పేరు ఒక్కటే), యూఫ్రోనియస్, కల్లిస్ట్రాటస్, అరిస్టార్కస్, వాళ్ల తర్వాత క్రీ.పూ. 1వ శతాబ్దంలో డిడిమస్. ఈ డిడిమస్ 3,500 పుస్తకాలు రాశాడని ఒకరు, 4,000 అని ఇంకొకరు చెప్పారు. వెనకటివాళ్ల వ్యాఖ్యలన్నీ పోగుచేసి తరవాతి తరాలకు అందించింది ప్రధానంగా ఆయనే. క్రీ.శ. 100 ప్రాంతంలో సిమ్మాకస్ ఆ సరుకు తీసుకుని మళ్లీ వ్యాఖ్య రాశాడు. వెనిస్ ప్రతిలో 'మేఘాలు' నాటకం ముగిసే చోట, ఛందస్సు విభజన హీలియోడోరస్ నుంచి, పక్క వ్యాఖ్యలు ఫేయినస్, సిమ్మాకస్, ఇంకొందరి నుంచి తీసుకున్నామని రాసి ఉంటుంది. మన చేతిలో ఉన్నది ఎవరెవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పే ఆధారాల్లో అది చాలా విలువైనది.

ఆ పండితుల కాలంలో వ్యాఖ్య నాటకంతో కలిసి ఉండేది కాదు. నాటకం ఒక పాపిరస్ చుట్ట, వ్యాఖ్య ఇంకో చుట్ట. ఈజిప్టు ఇసుకలో అలాంటి విడి వ్యాఖ్యల ముక్కలు దొరికాయి. పుస్తకం చుట్ట నుంచి కుట్టిన పేజీలకు మారాక, పెద్ద వ్యాఖ్యను మార్జిన్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. చోటు తక్కువ. దాంతో కోతలు పడ్డాయి. పేర్లు పోయాయి, వాదం పోయి తేల్చిన మాట మాత్రం మిగిలింది, కొన్నిచోట్ల వాదం ఉండి తేల్చిన మాటే పోయింది. స్కోలియాలో కనిపించే తికమకలో చాలా భాగం ఈ కోతల వల్ల వచ్చిందే. ఇది బుర్రలో పెట్టుకుంటే 'ఈయన ఇలా పొంతన లేకుండా రాశాడేంటి' అని విసుక్కోవడం తగ్గుతుంది.

ఇంత కష్టం ఎందుకు పడాలో ఒక్క ఉదాహరణతో చెప్తాను. 'మేఘాలు' క్రీ.పూ. 423లో పోటీకి వెళ్లి మూడో స్థానంలో, అంటే ఆఖర్న నిలిచింది. కవికి బాగా కష్టమేసింది. నాటకాన్ని కొంత తిరగరాశాడు గానీ ఆ కొత్త రూపం ప్రదర్శనకు నోచుకోలేదు. మనం చదివేది ఆ తిరగరాసిన రూపాన్నే. అందులో 553వ పంక్తి దగ్గర అరిస్టోఫనీస్, తన 'అశ్వికులు' నాటకాన్ని యూపొలిస్ అనే తోటి కవి పాడుచేసి 'మారికస్' అనే నాటకంగా వేశాడని నిందిస్తాడు. ఇక్కడ స్కోలియా ఒక పాత తగాదాను భద్రంగా దాచింది. గ్రంథాలయానికి పట్టిక తయారుచేసిన కాలిమాకస్ ఏథెన్స్ ప్రదర్శనల అధికారిక రికార్డులు చూసి తప్పు పట్టాడు. 'మేఘాలు' వేసిన తర్వాత మూడో ఏట 'మారికస్' వేశారని రికార్డు అంటోంది, మరి 'మేఘాలు'లోనే 'మారికస్' ముందే వచ్చిందని ఉంది కదా, రికార్డే తప్పు అన్నాడు. దానికి ఎరటోస్తనీస్ జవాబు: రంగస్థలం మీద వేసిన 'మేఘాలు'లో ఈ మాట లేనే లేదు, తర్వాత తిరగరాసినప్పుడు చేరింది, రికార్డులు చెప్పేది వేసిన నాటకం గురించి, కాబట్టి రికార్డు సరైనదే. అంతటితో వదల్లేదు. 'మారికస్' నాటికి ఏథెన్స్ రాజకీయ నాయకుడు క్లియోన్ చనిపోయాడు, 'మేఘాలు'లో ఇంకోచోట మాత్రం క్లియోన్ బతికి ఉన్నట్టే కవి అతన్ని తిడుతున్నాడు, ఇదెలా గమనించలేదు అని అడుగుతాడు.

ఆలోచించి చూడండి. ఒక్క పంక్తి పక్కన ఇరుకు చోటులో రాసిన నాలుగు వాక్యాలు. వాటిలో ప్రభుత్వ రికార్డు ఉంది, దాన్ని అనుమానించిన మహా పండితుడున్నాడు, ఆయన్ని తేదీలతో కట్టడి చేసిన ఇంకో పండితుడున్నాడు. పైగా మన చేతిలోని నాటకం సగం పాతది, సగం కొత్తది అనే సంగతి అక్కడే బయటపడింది. కవి తిరగరాయడం పూర్తిచేయకుండానే వదిలేశాడని ఈరోజు ఏ పరిచయ వ్యాసంలో చదివినా దాని వెనక ఉన్న ముఖ్యమైన సాక్ష్యాల్లో ఈ వ్యాఖ్య ఒకటి. ఇది మొదటిసారి అర్థమైన రోజున నేను నాటకం పక్కన పెట్టేసి మిగతా వ్యాఖ్యల వెంట పడ్డాను.

క్రటీనస్ కథ కూడా ఇలాంటిదే, కానీ ఇందులో మనసుకు తగిలేది ఎక్కువ. క్రీ.పూ. 424లో వేసిన 'అశ్వికులు'లో అరిస్టోఫనీస్ తనకంటే పెద్దవాడైన క్రటీనస్‌ను ఎగతాళి చేశాడు. ఒకప్పుడు వరద నదిలా పొంగిన కవి ఇప్పుడు తాగి, వయసు మీద పడి, తంతులు సడలిన వీణలా వీధుల్లో తిరుగుతున్నాడని కోరస్ అనే పాటల బృందం చేత పాడించాడు. 400వ పంక్తి దగ్గర స్కోలియా తర్వాత జరిగింది చెబుతుంది. పోటీల నుంచి తప్పుకున్న క్రటీనస్‌కు రోషం వచ్చి మళ్లీ కలం పట్టాడు. నాటకం పేరు 'సీసా'. అందులో పాత్ర తనే. కామెడీ ఆయన భార్య. మొగుడు తనను వదిలేసి తాగుబోతుతనం అనే దానితో కాలం గడుపుతున్నాడు, నేనిక ఈయనతో ఉండలేను, కేసు వేస్తాను అంటుంది. స్నేహితులు వచ్చి తొందరపడకమ్మా, అసలేం జరిగింది అని అడుగుతారు. తన మీద పడ్డ నిందను కాదనకుండా, దాన్నే కథగా మలుచుకున్నాడు ఆ ముసలాయన. 423లో ఆ నాటకానికే మొదటి బహుమతి. మూడోది 'మేఘాలు'. అంటే ఎగతాళి చేసిన కుర్రాడిని మరుసటి ఏడాదే పోటీలో ఓడించాడు. 'సీసా' నాటకం పోయింది, ముక్కలే మిగిలాయి. దాని కథ ఇంత స్పష్టంగా మనకు తెలియడానికి కారణం 'అశ్వికులు' మార్జిన్‌లో ఎవరో దయతలచి రాసి ఉంచిన ఆ వ్యాఖ్యే.

పోయిన నాటకాల సంగతి ఎత్తాను కాబట్టి 'కప్పలు' గురించి చెప్పాలి. నాటకం మొదట్లో డయోనైసస్ దేవుడు ఓడ మీద విషాద నాటక కవి యూరిపిడీస్ 'ఆండ్రోమెడా' చదువుతుంటే మనసు లాగేసిందంటాడు. 53వ పంక్తి. అక్కడ వ్యాఖ్యాత ఒక చిన్న ప్రశ్న వేస్తాడు: ఈ మధ్యే వేసిన మంచి నాటకాలు 'హిప్సిపిలీ', 'ఫినీషియన్ స్త్రీలు', 'ఆంటియోపీ' ఉన్నాయి కదా, ఎనిమిదో ఏట వెనకటి 'ఆండ్రోమెడా' ఎందుకు చదివినట్టు? ఆయనకు అది మామూలు సందేహం. మనకు మాత్రం నాలుగు నాటకాల కాలం దొరికింది. 'ఆండ్రోమెడా' క్రీ.పూ. 412లో, మిగతా మూడూ దాని తర్వాత అని తేల్చడానికి ఈ ప్రశ్నే ముఖ్యమైన ఆధారం. ఇంకొంచెం కిందికి వెళ్తే 67వ పంక్తి దగ్గర ప్రదర్శన రికార్డుల నుంచి ఇంకో మాట ఎత్తి రాశారు: యూరిపిడీస్ చనిపోయాక అదే పేరున్న ఆయన కొడుకు 'ఔలిస్‌లో ఇఫిజనియా', 'ఆల్క్‌మియన్', 'బాకే' నాటకాలు వేయించాడని. ప్రపంచమంతా ఈరోజుకీ ఆడుతున్న 'బాకే' కవి మరణం తర్వాతే రంగస్థలం ఎక్కిందని చెప్పేటప్పుడు మనం ఆ మార్జిన్ వైపే చూడాలి.

చరిత్ర చదివేవాళ్లకైతే ఇది గని. ఏథెన్స్ చరిత్రను ఏడాది వారీగా రాసిన ఫిలోకోరస్ గ్రంథం పోయింది. అందులోంచి ఎన్నో ముక్కలు ఈ హాస్య నాటకాల అంచుల్లో బతికాయి. 'శాంతి' నాటకంలో హెర్మీస్ దేవుడు స్పార్టాతో యుద్ధం ఎందుకొచ్చిందో చెబుతూ, శిల్పి ఫీడియస్ చిక్కుల్లో పడ్డాడు, ఆ సెగ తనకు తగులుతుందని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ భయపడి పొరుగు నగరం మెగారా మీద ఆంక్షలు పెట్టి ఊరంతా తగలబెట్టాడంటాడు. 605వ పంక్తి పక్కన వ్యాఖ్యాత ఫిలోకోరస్‌ను తెచ్చి పెడతాడు. 44 టాలెంట్ల (గ్రీకు బరువు కొలత) బంగారంతో చేసిన ఎథీనా విగ్రహం ప్రతిష్ఠ, దానికి పెరిక్లీస్ పర్యవేక్షణ, దంతం లెక్కల్లో మోసం చేశాడని ఫీడియస్ మీద విచారణ, ఆయన ఎలిస్‌కు పోయి ఒలింపియాలో జ్యూస్ విగ్రహం చేయడం, అన్నీ ఏ అధికారి పేరుతో పిలిచే ఏడాదిలో జరిగాయో చెబుతాడు. చెప్పి, ఇదంతా యుద్ధానికి ఏడేళ్ల ముందు మాట, కాబట్టి పెరిక్లీస్ మీద ఈ అనుమానానికి అర్థం లేదని తేలుస్తాడు. ఇదే కథను తర్వాత పేరున్న చరిత్రకారులు నిజమైన కారణాల్లో ఒకటిగా ఎత్తి రాసుకున్నారు. పేరు కూడా మిగలని ఈ వ్యాఖ్యాత తేదీలు సరిచూసుకుని వద్దన్నాడు.

'కందిరీగలు' 718వ పంక్తి దగ్గర అంకెలు వస్తాయి. ఈజిప్టు వైపు నుంచి సామెటికస్ అనే పాలకుడు పంపిన 30,000 మెడిమ్నాల (గ్రీకు ధాన్యపు కొలత) ధాన్యం, పంపకంలో పౌరులు కానివాళ్లని తేలినవాళ్లు 4,760 మంది, ధాన్యం అందుకున్నవాళ్లు 14,240 మంది, తలకు ఐదు మెడిమ్నాలు. గుణించి చూస్తే కుదరదు. ఐదు చొప్పున పంచితే 30,000 మెడిమ్నాలు ఆరు వేల మందికే సరిపోతాయి. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, అంకెలు ఏ మాత్రం పొసగడం లేదని ఆ వ్యాఖ్యలోనే రాసి ఉంది. సరిచేయడానికి పోలేదు, దాచలేదు, దొరికింది దొరికినట్టు ఇచ్చి కుదరడం లేదని చెప్పారు. పౌరసత్వం గురించి, ఆనాటి జనాభా గురించి ఎవరు రాసినా ఈ అంకెల దగ్గరికి రాక తప్పదు.

ఇలాంటివి చదివి చదివి నాకు ఒక అలవాటు పట్టుబడింది. వ్యాఖ్యలో ఎవరి పేరైనా ఉండి, ఆ పేరు వెనక ఒక రికార్డో, చరిత్ర గ్రంథమో ఉంటే ఆగి జాగ్రత్తగా చదువుతాను. పేరు ఉండి అభిప్రాయం మాత్రమే ఉంటే, ఎదుటి అభిప్రాయం కోసం వెతుకుతాను, సాధారణంగా పక్కనే ఉంటుంది. 'పక్షులు' 997 దగ్గర మెటన్ అనే ఖగోళ పండితుడి గురించి జరిగిన చర్చ దీనికి మంచి నమూనా. నాటకంలో మెటన్ తనకు ఏథెన్స్ దగ్గరి కొలోనస్‌లో కూడా పేరుందంటాడు. అక్కడ ఆయన ప్రతిష్ఠించినది ఏదో ఉందని కల్లిస్ట్రాటస్ అన్నాడు. అసలు ఆయనది కొలోనస్సే అన్నాడు యూఫ్రోనియస్. అది అబద్ధం, ఫిలోకోరస్ ఆయన ఊరు వేరే చెప్పాడు అని మూడో గొంతు. ఆ వెంటనే, క్రీ.పూ. 433/2లో పిన్క్స్ గుట్ట మీద సభాస్థలం గోడ దగ్గర మెటన్ సూర్యుడి గమనం కొలిచే పరికరం నిలబెట్టాడని ఫిలోకోరస్ మాట. ఇద్దరి ఊహలు, ఒక ఆధారం, ఒక తీర్పు, ఖగోళ చరిత్రకు పనికొచ్చే ఒక తేదీ. అన్నీ ఒక్క నవ్వులాట పక్కన.

పేరూ ఆధారమూ లేని వ్యాఖ్యల దగ్గరే జాగ్రత్త కావాలి. స్కోలియాలో పెద్ద లోపం ఇదే. నాటకంలో ఫలానావాడు దొంగ అని ఉంటుంది. పక్కన వ్యాఖ్య: 'ఇతను దొంగగా ఎగతాళికి గురయ్యాడు'. ఇందులో కొత్త సంగతేమీ లేదు, నాటకం చెప్పిందే తిరిగి మనకు చెప్పారు. ఇంకో మెట్టు ఎక్కి కథలు కట్టినవీ ఉన్నాయి. 'అశ్వికులు' 230 దగ్గర, క్లియోన్ ముఖం పోలిన మాస్క్ చేయడానికి తయారుచేసేవాళ్లు భయపడ్డారని నాటకంలో ఉంది. దాన్నుంచి, ఎవరూ ముందుకు రాకపోతే అరిస్టోఫనీసే ముఖానికి రంగు పూసుకుని ఆ వేషం కట్టాడనే కథ పాత వ్యాఖ్యల్లోకీ, కవి జీవితచరిత్రలోకీ ఎక్కింది. వినడానికి బాగుంటుంది. ఈనాటి పండితులు దీన్ని నమ్మరు, నేనూ నమ్మను. కొత్తగా చదివేవాళ్లు 'ప్రాచీన వ్యాఖ్యాత చెప్పాడు కదా' అని ఇలాంటివి ఎత్తి రాసేయడం చూస్తుంటే బాధేస్తుంది. ప్రాచీనుడైనంత మాత్రాన ఆయన ఏథెన్స్ రంగస్థలం చూసినవాడు కాదు. వాళ్లలో అందరికంటే ముందువాళ్లు కూడా కవి పోయిన వందేళ్లకు పైగా అయ్యాక, సముద్రానికి అవతల లైబ్రరీలో కూర్చుని చదివినవాళ్లే. అందుకే నటన గురించి, ఎవరు ఏ పక్క నుంచి వచ్చారన్న దాని గురించి వాళ్లు చెప్పే మాటల్లో ఎక్కువ భాగం నాటకం చదివి ఊహించినవే.

అయితే తెలియనప్పుడు తెలియదని చెప్పిన చోట్లు కూడా ఉన్నాయి, వాటికి గౌరవం ఇవ్వాలి. 'కప్పలు' 1028 దగ్గర డయోనైసస్, ఈస్కిలస్ 'పర్షియన్లు' నాటకంలో పర్షియా రాజు డారియస్ చనిపోయిన మాట విని ఆనందించానని, కోరస్ చప్పట్లు కొట్టి 'ఇయావోయ్' అని అరిచిందని అంటాడు. మన దగ్గరున్న 'పర్షియన్లు'లో ఆ అరుపు లేదు, డారియస్ చనిపోయిన వార్త వచ్చే దృశ్యమూ లేదు, వచ్చేది ఆయన ఆత్మ. ఇది ప్రాచీనులనూ వేధించింది. నాటకానికి రెండు రూపాలు ఉండి ఉంటాయా అని ఒకరు, సిసిలీలోని సిరక్యూజ్‌లో అక్కడి పాలకుడు హియెరాన్ కోరిక మీద ఇది ప్రదర్శించారని ఎరటోస్తనీస్ మాట ఎత్తి ఇంకొకరు, ఇలా సాగుతుంది. ముడి విడలేదు. ఈరోజుకీ విడలేదు. ఈనాటి వ్యాఖ్యానాలు తెరిచి చూస్తే, కొంచెం అటూ ఇటూగా అవే దారులు కనిపిస్తాయి.

ఇక బైజాంటియం కాలపు పొర, అంటే మధ్యయుగాల తూర్పు రోమన్ సామ్రాజ్యం నాటిది. అక్కడి బడుల్లో పిల్లలకు 'ధనదేవుడు', 'మేఘాలు', 'కప్పలు' చెప్పేవాళ్లు. అందుకే ఈ మూడింటికీ వ్యాఖ్య గుట్టలుగా పేరుకుంది. ఎక్కువ భాగం మాటకు మాట అర్థం, వ్యాకరణం. గ్రీకు నేర్చుకునే దశలో నాకు బాగా సాయపడ్డాయి, ఇప్పుడు మాత్రం దాటేసి పోతాను. 12వ శతాబ్దపు త్సెత్సీస్ వ్యాఖ్య వేరే రకం. తన ముందువాళ్లను గట్టిగా తిడతాడు, తన గురించి చాలా చెప్పుకుంటాడు. ఓపిక ఉంటే చదవొచ్చు. అలెగ్జాండ్రియా గ్రంథాలయం గురించిన ఒక విలువైన కథనం, చుట్టల లెక్కలతో సహా, ఆయన ముందుమాటల్లోనే ఉంది. 14వ శతాబ్దం మొదట్లో ట్రిక్లీనియస్ ఛందస్సు పట్టుకుని పాఠాన్ని సరిచేశాడు. కోరస్ పాటలు చదవాలంటే ఆయన పని చూడాల్సిందే.

ఏ ప్రచురణ వాడాలి? 1498లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ముద్రణాలయం నుంచి, క్రీట్‌వాడైన ముసూరస్ సంపాదకత్వంలో తొమ్మిది నాటకాలు స్కోలియాతో సహా అచ్చయ్యాయి. మధ్యలో నాటకం, చుట్టూ వ్యాఖ్య. ఆ పేజీలు స్కాన్లలో చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి, రోజువారీ పనికి అంతగా కుదరవు. నేను చాలాకాలం వాడింది 1842లో పారిస్‌లో డ్యూబ్నర్ వేసిన ఒకే సంపుటం. ఉచితంగా దొరుకుతుంది, అన్ని నాటకాలూ ఒకేచోట ఉంటాయి. దానితో తలనొప్పి ఏంటంటే పాత పొర, బైజాంటియం పొర పక్కపక్కనే వరసగా వచ్చేస్తాయి. అలెగ్జాండ్రియా మాట ఏదో, బడి పంతులు మాట ఏదో కొత్తవాళ్లకు తేలదు. ఆ పని చేసి పెట్టింది కోస్టర్, హోల్వెర్డా మొదలుపెట్టి నడిపిన డచ్ ప్రచురణ. 1960లో మొదలై 2007 దాకా సాగింది. పాతవి ఒక గుర్తుతో, తర్వాతివి ఇంకో గుర్తుతో, కొన్ని నాటకాలకు విడి సంపుటాల్లోనే వేరుచేసి ఇచ్చారు. కింద ఏ ప్రతిలో ఏముందో ఉంటుంది. పరిశోధన చేసేవాళ్లకు ఇది తప్ప వేరే దారి లేదు. ధర మాత్రం మామూలు పాఠకుడు మోయలేనిది, ముందుమాటలు లాటిన్‌లో ఉంటాయి. నేను తిరిగిన లైబ్రరీల్లో పూర్తి సెట్ దొరకలేదు, ఒక్కో సంపుటం ఒక్కో చోట పట్టుకుని చూశాను.

గ్రీకు రానివాళ్లకు రూథర్‌ఫర్డ్ 1896లో రావెన్నా ప్రతి వ్యాఖ్యలను ఇంగ్లీషు అనువాదంతో వేశాడు. ఇదీ ఉచితంగా దొరుకుతుంది. రావెన్నా ప్రతి వ్యాఖ్యలు కుదించినవి కాబట్టి పైన చెప్పిన పెద్ద చర్చలన్నీ అందులో అంత నిండుగా దొరుకుతాయని ఆశించొద్దు. పైగా ఆయన పాఠాన్ని చొరవగా దిద్దుతాడు. రుచి చూడటానికి చాలు. గ్రీకు వచ్చినవాళ్లకూ మొదట్లో ఇబ్బందే. వాక్యాలు తెగ్గొట్టినట్టు ఉంటాయి, సగం వాక్యం 'ఎందుకంటే' అని మొదలవుతుంది, ఎందుకో చెప్పే ముందు భాగం ఉండదు. ఒక వ్యాఖ్య అయిపోయి 'మరోలా' అనే మాటతో ఇంకోటి మొదలవుతుంది. ఆ మాట కనపడినప్పుడల్లా అక్కడ వేరే మూలం మొదలైందని గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. అర్థం కాని చోట 10వ శతాబ్దపు 'సూడా' నిఘంటువు తీసి చూడండి. దాన్ని కూర్చినవాళ్లు ఈ స్కోలియా నుంచి విపరీతంగా ఎత్తుకున్నారు, మన ప్రతుల్లో చెడిపోయిన వాక్యం అక్కడ కొన్నిసార్లు బాగుంటుంది.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా 'కప్పలు'. పాత వ్యాఖ్య బలంగా ఉంది, పోయిన విషాద నాటకాల ముక్కలు అడుగడుగునా తగులుతాయి, 694 నుంచి 725 మధ్య ఓడల్లో పోరాడిన బానిసలకు స్వేచ్ఛ ఇచ్చిన సంగతి, బంగారు విజయదేవత విగ్రహాలు కరిగించి నాణేలు కొట్టిన సంగతి చరిత్రకారులు హెల్లానికస్, ఫిలోకోరస్ పేర్లతో సహా ఉంటాయి. దాని తర్వాత 'పక్షులు', 'కందిరీగలు', 'శాంతి'. 'ధనదేవుడు' చివరికి పెట్టుకోండి, రాశి ఎక్కువ, సరుకు తక్కువ. 'లిసిస్ట్రాటా'తో మొదలుపెట్టొద్దు. నాటకం ఎంతో మందికి ఇష్టం, వ్యాఖ్య మాత్రం పలచన. 'థెస్మోఫోరియాజుసే', 'ఎక్లేసియాజుసే' పరిస్థితీ అంతే. బడుల్లో చెప్పని నాటకాలు కావడంతో వాటి మార్జిన్లు దాదాపు ఖాళీగా మిగిలిపోయాయి. 'థెస్మోఫోరియాజుసే' నాటకమే రావెన్నా ప్రతి పుణ్యమా అని బతికింది. అందులో యూరిపిడీస్ నాటకాల మీద ఎంత పేరడీ ఉందో చూస్తే, అలెగ్జాండ్రియాలో దాని మీద రాసినవి ఎంత పోయి ఉంటాయో అనిపించి ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.